రక్తం చెప్పిన లెక్క

2020 మే నెల మొదటి రోజుల్లో మన రాష్ట్ర పటాన్ని మీరు చూసి ఉంటే ఒక వింత కనిపించి ఉండేది. కేంద్ర ప్రభుత్వం జిల్లాలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగులతో గుర్తిస్తున్న రోజులవి. ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడున్న 13 జిల్లాల్లో పన్నెండు ఎరుపులోనో, నారింజలోనో పడ్డాయి. ఒక్క విజయనగరం మాత్రం ఆకుపచ్చగా మిగిలింది. కరోనా కేసు ఒక్కటి కూడా లేని జిల్లా! పొరుగున ఉన్న శ్రీకాకుళం కూడా ఏప్రిల్ 25 దాకా అలాగే ఉండి, ఆ రోజు పాతపట్నం మండలంలో మూడు కేసులు బయటపడడంతో ఆ పేరు పోగొట్టుకుంది. విజయనగరానికి మే 7 వరకు ఆ పేరు నిలిచింది.

ఇప్పుడు నాలుగు నెలలు ముందుకు రండి. అదే ఏడాది సెప్టెంబరులో రాష్ట్ర ఆరోగ్యశాఖ ఒక సర్వే ఫలితాలు ప్రకటించింది. ప్రతి జిల్లాలోనూ కొందరిని ఎంచి, వారి రక్తం తీసి, ఒకే ఒక ప్రశ్న వేశారు: "కరోనా వైరసు నీ దగ్గరికి ఎప్పుడైనా వచ్చి వెళ్ళిందా?" ప్రశ్న వేసింది మనిషిని కాదు, రక్తాన్ని. రాష్ట్రం మొత్తం మీద నూటికి 19.7 మంది రక్తం "వచ్చింది" అని చెప్పింది. నెల్లూరు జిల్లాలో 8.2. కర్నూలులో 28.1. అన్నిటికంటె ఎక్కువ ఎక్కడో ఊహించండి. విజయనగరంలో! నూటికి 30.6.

ఇందులో ఏదో పొరపాటు ఉందనిపిస్తోంది కదూ? మే నెలలో ఒక్క కేసూ లేని చోట సెప్టెంబరుకల్లా ప్రతి పదిమందిలో ముగ్గురు ఎలా అయ్యారు? పైగా ఆ ముగ్గురిలో చాలామందికి తమకు జబ్బు వచ్చినట్టే తెలియదు. జ్వరం లేదు, దగ్గు లేదు, ఆసుపత్రి గడప తొక్కింది లేదు. మనిషికే తెలియని సంగతి అతని రక్తానికి ఎలా తెలిసింది?

ఈ చిక్కు ముడి విప్పాలంటే మన ఒంట్లో జరిగే ఒక పని గురించి కొంచెం తీరిగ్గా మాట్లాడుకోవాలి.

గోడ మీద నీటి చార

నాగావళికో, వంశధారకో వరద వచ్చి తగ్గిపోయాక ఏటి ఒడ్డున ఉన్న ఇళ్ళ గోడలు చూశారా? నీళ్ళు ఎంత ఎత్తు వరకు వచ్చాయో అక్కడొక బురద చార మిగిలిపోతుంది. వరద వచ్చిన రాత్రి మీరు ఊళ్ళో లేకపోయినా సరే, ఆ చార చూసి "ఇక్కడి దాకా వచ్చింది" అని చెప్పగలరు.

ముక్కులో పుల్ల పెట్టి చేసే పరీక్ష వరదనే చూస్తుంది. వైరసు ఆ క్షణాన అక్కడ ఉంటేనే దొరుకుతుంది. రెండు మూడు వారాలు గడిచాక సాధారణంగా దొరకదు. రక్త పరీక్ష చూసేది చారని. ఆ చార పేరే యాంటీబాడీలు. మీ పాఠ్యపుస్తకంలో వీటిని ప్రతిరక్షకాలు అంటారు. ఏ సూక్ష్మజీవి ఒంట్లోకి వచ్చిందో, సరిగ్గా దానికి అతుక్కునేలా శరీరం తయారుచేసుకునే ప్రోటీన్లు ఇవి. వైరసు పోయాక కూడా నెలల తరబడి రక్తంలో తిరుగుతూ ఉంటాయి.

ఇక లెక్క చూడండి. ఆ సెప్టెంబరు నాటికి రాష్ట్రంలో ముక్కు పరీక్షల్లో తేలిన కేసులు అయిదు లక్షలు దాటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రంలో సుమారు 4 కోట్ల 95 లక్షల మంది. అందులో నూటికి 19.7 అంటే 97 లక్షలు! పరీక్షలకు దొరికిన వారికంటె వైరసు సోకినవారు పదిహేను రెట్లకు పైమాటే. అప్పటి విజయనగరం జిల్లాలో, అంటే 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా విడిపోకముందు, జనాభా 23 లక్షల 44 వేలు. నూటికి 30.6 చొప్పున ఏడు లక్షలు దాటుతుంది.

అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు ఇది నమూనా లెక్క. ఒక మెతుకు అటో ఇటో కావచ్చు. కాని నమూనాలో కొంత తేడా ఉన్నా అసలు సంగతి మారదు. రాకపోకలు ఆగని చోట వైరసు కూడా ఆగలేదు. గుజరాత్‌లోని వెరావల్ రేవులో లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేల సంఖ్యలో ఏప్రిల్ చివర, మే మొదట్లో బస్సులెక్కి ఇళ్ళు చేరారు. తర్వాత వలస కూలీలు, విద్యార్థులు, లారీలు, సంతలు. ఇది ఎవరి తప్పూ కాదు. ఇంటికి రావడం తప్పు ఎలా అవుతుంది? కేసుల పట్టికలో సున్నా ఉంటే జబ్బు లేదని కాదు, అప్పటికి కనబడలేదని మాత్రమే అర్థం.

కొబ్బరికాయ, జీడిగింజ

కరోనా వైరసు కొలత మిల్లీమీటరులో పదివేలవ వంతు. లోపల ముప్పయి వేల అక్షరాల పొడవున్న ఆర్.ఎన్.ఏ. పోగు, చుట్టూ కొవ్వు పొర, ఆ పొర మీద గుచ్చినట్టుండే ముళ్ళు. ఆ ముల్లును స్పైకు ప్రోటీన్ అంటారు. మన ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల కణాల మీద ఏస్-2 అనే మరో ప్రోటీన్ ఉంటుంది. ముల్లు కొన దానికి తగులుకుంటేనే వైరసుకు కణం తలుపు తెరుచుకుంటుంది. తగులుకోలేకపోతే వైరసు ఎంత దగ్గరగా తిరిగినా ఒరిగేదేమీ లేదు.

యాంటీబాడీ ఇంకా చిన్నది. ఉద్దానం తోటల్లో పీచుతో ఉన్న కొబ్బరికాయంత వైరసు అనుకుంటే, దాని పక్కన యాంటీబాడీ జీడిగింజంత ఉంటుంది. చూడడానికి పంగల కర్రలా ఉంటుంది: రెండు చేతులు, ఒక కాడ. రెండు చేతుల కొసలే అసలు పనిముట్టు. అవి ఏ ఆకారానికి సరిపోతాయో ఆ ఆకారాన్నే పట్టుకుంటాయి. మశూచి వైరసును పట్టే చేతులు కరోనాను పట్టవు. కరోనాను పట్టేవి పోలియోను పట్టవు. ఈ పంగల కర్ర కట్టడాన్ని తేల్చినందుకు రాడ్నీ పోర్టర్, జెరాల్డ్ ఎడెల్‌మన్ అనే శాస్త్రజ్ఞులకు 1972లో నోబెల్ బహుమతి వచ్చింది.

కొలత తీసుకోని దర్జీ

ఇప్పుడు మీకొక సందేహం రావాలి. కరోనా వైరసు 2019కి ముందు మనిషి చూడని వైరసు. దానికి సరిపోయే చేతులు ఉన్న యాంటీబాడీని శరీరం ఎలా కుట్టగలిగింది?

చాలాకాలం వరకు శాస్త్రజ్ఞులు కూడా "కొలత తీసుకుని కుడుతుంది" అనే అనుకున్నారు. వైరసు వచ్చాక దాని ఆకారం చూసి, దానికి తగ్గట్టు యాంటీబాడీ మలచుకుంటుందని ఊహ. అది తప్పు. 1957లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ మెక్‌ఫార్లేన్ బర్నెట్ దీన్ని తల్లకిందులు చేశాడు.

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వచ్చిన జనంలో ఒక రెడీమేడ్ చొక్కాల దుకాణం ఊహించుకోండి. కొట్టువాడు ఎవరి కొలతా తీసుకోడు. పొట్టి, పొడుగు, భుజాలు వెడల్పు, చేతులు కురచ, ఒకటి కాదు, కోట్ల రకాలు ముందే కుట్టి తగిలించేశాడు. చాలా చొక్కాలు ఎప్పటికీ ఎవరికీ పనికిరావు. అయినా, వచ్చేవాడు ఎవడైనా సరే, వాడికి అతికే చొక్కా ఏదో మూల ఒకటి ఉండే తీరుతుంది. అది దొరికిన క్షణం కొట్టువాడు మిగతావన్నీ వదిలి, ఆ ఒక్క రకాన్నే వేలకు వేలు కుట్టించడం మొదలుపెడతాడు!

మన శరీరంలో జరిగేది ఇదే. ఎముక మజ్జలో బి-కణాలు అనే తెల్ల రక్తకణాలు నిత్యం పుడుతుంటాయి. ఒక్కొక్క బి-కణం ఒక్కొక్క రకం యాంటీబాడీనే చేయగలదు. ఆ నమూనాను తన ఒంటి మీదే అంటించుకుని తిరుగుతుంది. మన సొంత కణాలనే పట్టేసుకునే రకాలను చాలావరకు మజ్జలోనే ఏరిపారేస్తారు. మిగిలినవి రక్తంలోకి వెళ్ళి, తమకు సరిపోయే శత్రువు కోసం కాచుకుంటాయి. ఆ శత్రువు ఇంకా పుట్టి ఉండకపోవచ్చు కూడా.

మరి ఇన్ని కోట్ల రకాలకు జన్యువులు ఎక్కడివి? మనిషికి ఉన్నవే సుమారు ఇరవై వేల జన్యువులు. మన తెలుగు అక్షరాలు యాభై ఆరే అయినా వాటిని అటూ ఇటూ పేర్చి ఎన్ని మాటలు చేయడం లేదు? బి-కణం కూడా అలాగే తన జన్యువుల ముక్కలను కత్తిరించి, కలిపి, కొత్త మాట తయారుచేస్తుంది. దీన్ని కనిపెట్టిన జపాన్ శాస్త్రజ్ఞుడు సుసుము తోనెగవకు 1987లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

మొదటి మూడు వారాలు

పార్వతీపురంలోనో, టెక్కలిలోనో ఒక అమ్మాయి ఉందనుకుందాం. వైరసు ఆమె ముక్కులోకి చేరింది. మొదటి రోజుల్లో యాంటీబాడీలు లేవు. కొత్త శత్రువు కదా! అప్పుడు ఎదురు నిలిచేది మరో దళం. సోకిన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే సంకేతాన్ని వదిలి పక్క కణాలను హెచ్చరిస్తాయి. సూక్ష్మజీవులను మింగే తెల్లకణాలు పరుగెత్తుకొస్తాయి. ఒళ్ళు కాలుతుంది. ఈ దళానికి వచ్చినవాడు ఎవడో తెలియదు, పరాయివాడని మాత్రమే తెలుసు.

ఈలోగా వైరసు ముక్కలు దగ్గరలోని లింఫు గ్రంథులకు చేరతాయి. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టడం, గొంతు నొప్పి వస్తే దవడ కింద బిళ్ళలు తేలడం మీకు తెలిసిందే. జబ్బు అక్కడికి పాకిందని పెద్దలు భయపడతారు గాని, నిజానికి ఆ బిళ్ళ చాలాసార్లు మన కర్మాగారం పని మొదలుపెట్టిందనడానికి గుర్తు. అక్కడే లక్షలాది బి-కణాల మధ్య సరైనది దొరుకుతుంది. టి-కణాలు అనే మరో రకం "సరే, కానివ్వు" అని అనుమతిస్తేనే అది విభజన మొదలుపెడుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. వాటిలో కొన్ని ప్లాస్మా కణాలుగా మారి, ఒక్కొక్కటి సెకనుకు వేల చొప్పున యాంటీబాడీలు రక్తంలోకి వదులుతాయి.

లక్షణాలు కనబడిన తర్వాత ఒకటి రెండు వారాలకు యాంటీబాడీలు రక్త పరీక్షకు దొరికేంత అవుతాయి. మూడో వారానికి దాదాపు అందరిలోనూ ఉంటాయి. సర్వే మనుషులు అంతకుముందే వచ్చి మన అమ్మాయి రక్తం తీసి ఉంటే "వైరసు రాలేదు" అనే చెప్పి ఉండేది. అందుకే ఈ పరీక్ష జబ్బు కనిపెట్టడానికి పనికిరాదు, ఊరి లెక్క తెలుసుకోవడానికి పనికొస్తుంది.

యాంటీబాడీలలోనూ రకాలున్నాయి. ఐజీఎం రకంలో అయిదు పంగల కర్రలు కలిసి పది చేతులతో ఉంటాయి. పట్టు కొంచెం వదులైనా పది చేతులు కాబట్టి జారిపోదు. ఐజీజీ రెండు చేతులదే గాని పట్టు గట్టిది, ఎక్కువ కాలం నిలిచేది. ఐజీఏ ముక్కు, గొంతు, పేగుల తడిలో కాపలా ఉంటుంది. ఐజీఎం ముందు, ఐజీజీ తర్వాత అని పుస్తకాల్లో చదువుకుంటాం. కరోనాలో చాలామందికి ఈ రెండూ దాదాపు ఒకేసారి కనిపించాయి. పుస్తకం అబద్ధమని కాదు, ప్రకృతి గళ్ళ కాగితం మీద గీసినట్టు నడవదు, అంతే.

ఇవి చేసే పనేమిటి? అన్నిటికంటె ముఖ్యమైనది ముల్లు కొనకు అడ్డం పడడం. కొన మీద యాంటీబాడీ కూర్చుంటే ఏస్-2కు అది తగులుకోలేదు. వైరసు ఒంట్లో ఉన్నా కణంలోకి పోలేదు. మరికొన్ని యాంటీబాడీలు ముల్లుకు ఏ పక్కనో, లేదా లోపలి ప్రోటీన్‌కో అంటుకుంటాయి. అవి తలుపు మూయలేవు గాని, మింగే కణాలకు "వీడే" అని చూపిస్తాయి. అంచేత "యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయి?" అనే ప్రశ్న ఒక్కటే చాలదు, "ఎక్కడ పట్టుకుంటున్నాయి?" అని కూడా అడగాలి. 2020లో డబ్బు పెట్టి పరీక్ష చేయించుకుని, అంకె పెద్దదైతే మాస్కు తీసేసిన పెద్దమనుషులు ఈ రెండో ప్రశ్న అడగలేదు.

తొంభై ఆరు గుంటల పళ్ళెం

సర్వేలో రక్తాన్ని ఎలా ప్రశ్నించారో చెప్పలేదు కదూ? ఎలిసా అనే పద్ధతి. అరచేయంత ప్లాస్టిక్ పళ్ళెంలో 96 చిన్న గుంటలుంటాయి. గుంటల అడుగున చంపిన వైరసునో, దాని ప్రోటీన్‌నో అంటిస్తారు. అందులో రక్తరసి వేస్తారు. రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరే రక్తరసి. కరోనా యాంటీబాడీలు ఉంటే అడుగున ఉన్న వైరసును పట్టుకుని కూర్చుంటాయి. లేకపోతే కడిగినప్పుడు అంతా కొట్టుకుపోతుంది. తర్వాత, మనిషి యాంటీబాడీని పట్టే మరో యాంటీబాడీని, దాని తోకకు ఒక ఎంజైమును తగిలించి వేస్తారు. మళ్ళీ కడిగి, రంగు మందు పోస్తారు. గుంట నీలంగా మారి, ఆమ్లం చుక్క పడగానే పసుపు రంగు తేలితే, యాంటీబాడీ ఉందన్నమాట. ఏ రంగూ రాకపోతే లేదు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ 2020లో ఇలాంటి పరీక్షను "కోవిడ్ కవచ్" పేరుతో తయారుచేసింది.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా 70 జిల్లాల్లో నాలుగుసార్లు ఇలాంటి సర్వే చేసింది. మన రాష్ట్రం నుంచి ఎంపికైన మూడు జిల్లాల్లో విజయనగరం ఒకటి. కృష్ణా, నెల్లూరు మిగతా రెండు. 2020 మే, జూన్‌లలో 28,000 మంది పెద్దల రక్తం చూస్తే నూటికి 0.73 మాత్రమే తేలింది. నాలుగోసారి, 2021 జూన్, జులైలలో, ఆ అంకె 67.6కు చేరింది. అప్పటికి రెండో అల వచ్చి వెళ్ళింది, టీకాలూ మొదలయ్యాయి. కాని ఇంకో అంకె చూడండి. 10 నుంచి 17 ఏళ్ళ వారిలో 61.6. అప్పటికి దేశంలో పిల్లలకు కరోనా టీకా లేదు. అంటే అవన్నీ వైరసు పెట్టి పోయిన గుర్తులే. ఆ రోజుల్లో బడి మూసి, ఇంట్లో కూర్చుని, "నాకేం కాలేదు" అనుకున్న మీలాంటి వాళ్ళ రక్తంలో సగానికి పైగా ఆ చార ఉంది.

హైదరాబాదులో 2021 మొదట్లో చేసిన అలాంటి సర్వేలో యాంటీబాడీలు ఉన్నవారిలో నూటికి 75 మందికి తమకు జబ్బు వచ్చిందనే తెలియదు.

చార చెరిగిపోతే?

వర్షం పడగా పడగా గోడ మీది బురద చార మాసిపోతుంది. యాంటీబాడీలూ అంతే. ఒక ఐజీజీ అణువుల గుంపు సగానికి తగ్గడానికి మూడు వారాలు చాలు. కొత్తవి తయారవుతుంటేనే లెక్క నిలుస్తుంది. వైరసు పోయాక కర్మాగారం వేగం తగ్గించేస్తుంది. అది మంచిదే. చిన్నప్పటి నుంచి మనకు వచ్చిన ప్రతి జబ్బు యాంటీబాడీలూ అలాగే పేరుకుపోతే రక్తం పాకంలా చిక్కబడి ఉండేది.

2020 చివర్లో "యాంటీబాడీలు తగ్గిపోతున్నాయి" అని పత్రికలు రాయగానే చాలామంది హడలిపోయారు. వాళ్ళు మరిచిన సంగతి ఒకటుంది. లింఫు గ్రంథిలో విభజన జరిగినప్పుడు అన్ని కణాలూ ప్లాస్మా కణాలు కావు. కొన్ని జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. చొక్కాలు అమ్ముడైపోయినా నమూనా కాగితం బీరువాలో దాచినట్టు. పైగా ఆ గ్రంథిలో నెలల తరబడి నమూనాను సరిదిద్దుకునే పని సాగుతూ ఉంటుంది. భుజం దగ్గర కొంచెం, మెడ దగ్గర కొంచెం. బి-కణం తన యాంటీబాడీ జన్యువులో చిన్న చిన్న మార్పులు చేసుకుంటుంది. పట్టు పెరిగిన కణాలే బతుకుతాయి. కరోనా వచ్చిన వారిలో ఆరు నెలల తర్వాత చూస్తే, ముల్లును పట్టే జ్ఞాపక బి-కణాలు మొదటి నెలకంటె ఎక్కువే ఉన్నాయి. రక్తంలో యాంటీబాడీలు తగ్గుతుంటే వీటి సంఖ్య పెరుగుతోందన్నమాట. కొన్ని ప్లాస్మా కణాలు ఎముక మజ్జలో ఇల్లు కట్టుకుని ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా యాంటీబాడీలు వదులుతూనే ఉంటాయి.

ఎన్నేళ్ళు? 1918లో ప్రపంచాన్ని ఊడ్చేసిన ఇన్‌ఫ్లుయెంజా గుర్తుందా? ఆ జ్వరాల కాలంలో పిల్లలుగా ఉండి బతికి బయటపడిన 32 మందిని 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో పరీక్షించారు. అప్పటికి వారి వయసు 91 నుంచి 101 ఏళ్ళు. తొంభై ఏళ్ళ కిందటి ఆ వైరసును పట్టే యాంటీబాడీలు వారి రక్తంలో ఉన్నాయి. కొందరిలో ఆ బి-కణాలు సైతం దొరికాయి!

జున్నుపాలు, గుర్రం, ప్లాస్మా

యాంటీబాడీలను ఒకరి నుంచి మరొకరికి ఇవ్వవచ్చా? ఇవ్వవచ్చు. ఆవు రోజూ ఆ పని చేస్తుంది. దూడ పుట్టినప్పుడు దాని రక్తంలో యాంటీబాడీలు దాదాపు ఉండవు. తల్లి కడుపులో అవి దూడకు చేరే దారి లేదు. జున్నుపాలలో మాత్రం అవి కుప్పలుగా ఉంటాయి. పుట్టిన మొదటి రోజులోపే దూడ పేగులు వాటిని నేరుగా రక్తంలోకి పీల్చుకోగలవు. తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. జున్ను రుచి తెలిసినవారే అందరం గాని, దూడ కడుపు నిండాకే మన గిన్నె పట్టాలి. మనుషుల్లో ఐజీజీ తల్లి గర్భంలోనే బిడ్డకు అందుతుంది, ఐజీఏ ముర్రుపాలలో వస్తుంది.

1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బేరింగ్, కితసాతో షిబసబురో అనే ఇద్దరు, జబ్బుకు తట్టుకున్న జంతువు రక్తరసిని మరో జంతువుకు ఎక్కించి ధనుర్వాతం నుంచి కాపాడారు. కంఠసర్పికి ఇదే మందు అయింది. నేటికీ పొలంలో పాము కరిస్తే ప్రభుత్వాసుపత్రిలో ఎక్కించే విరుగుడు గుర్రం తయారుచేసిన యాంటీబాడీయే.

మరి కరోనాకు? 2020లో కోలుకున్నవారి ప్లాస్మా కోసం జనం ఊళ్ళు తిరిగారు, ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆలోచన తర్కానికి నిలిచేదే. కాని తర్కం వేరు, ప్రయోగం వేరు. మన దేశంలో 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగుల మీద పరీక్షించి చూశారు. ప్లాస్మా ఇచ్చినా, ఇవ్వకపోయినా జబ్బు ముదరడంలో గాని, మరణాల్లో గాని తేడా కనబడలేదు. ఆసుపత్రిలో చేరే వేళకు చాలామంది రోగులు తమ సొంత యాంటీబాడీలు తయారుచేసుకునే ఉన్నారు. అప్పటికి ఊపిరితిత్తుల్లో మంట రేపుతున్నది వైరసు ఒక్కటే కాదు, అదుపు తప్పిన సొంత దళం కూడా. దొంగ పారిపోయాక పోలీసుల్ని ఇంకా పంపితే ఏం లాభం? 2021 మేలో ప్రభుత్వం ప్లాస్మాను చికిత్సల జాబితా నుంచి తీసేసింది. మంచి ప్రయోగం ఒకటి "కాదు" అని చెప్పడం కూడా విజ్ఞానానికి లాభమే. ఆ "కాదు" ఇంకా ముందు వినిపించి ఉంటే ఎన్ని కుటుంబాల పరుగులు తప్పేవో!

ముల్లు వేషం మార్చింది

ముల్లు ప్రోటీన్ 1273 అమైనో ఆమ్లాల గొలుసు. వైరసు తనను తాను నకలు రాసుకునేటప్పుడు అప్పుడప్పుడు అక్షరం తప్పు పడుతుంది. చాలా తప్పులు వైరసుకే చేటు. ఒకోసారి మాత్రం ఆ తప్పు యాంటీబాడీ చేయి పట్టే చోటనే పడుతుంది. 2020లోనే ఆంధ్రప్రదేశ్ నమూనాలలో అటువంటి మార్పు ఒకటి ఎక్కువగా కనిపించింది. గొలుసులో 440వ చోట ఆస్పరజిన్‌కు బదులు లైసిన్. కొన్ని యాంటీబాడీల పట్టు దాంతో సడలింది.

ఒమిక్రాన్ అయితే ముల్లు మీదనే ముప్పయికి పైగా మార్పులతో వచ్చింది. పైన చెప్పిన 440వ చోటి మార్పు అందులోనూ ఉంది. రాష్ట్రంలో మొదటి ఒమిక్రాన్ కేసును 2021 డిసెంబరు 12న ప్రకటించారు. ఎక్కడనుకున్నారు? మళ్ళీ విజయనగరమే! విదేశం నుంచి వచ్చిన ప్రయాణికుడి నమూనాను అక్కడ పరీక్షించి, హైదరాబాదులోని సీసీఎంబీకి పంపి జన్యుక్రమం చదివితే తేలింది. అంతకుముందు జబ్బు వచ్చినవారికి, టీకా వేసుకున్నవారికి కూడా ఒమిక్రాన్ సోకింది. పాత యాంటీబాడీలకు ముల్లు వేషం తెలియలేదు. అయినా అటువంటివారిలో ఎక్కువమందికి జబ్బు ముదరలేదు. జ్ఞాపక కణాలు త్వరగా మేలుకున్నాయి. టి-కణాలు ముల్లు కొన ఒక్కదాన్నే చూడవు, వైరసు ప్రోటీన్ల ముక్కలను అనేక చోట్ల గుర్తుపడతాయి. అన్ని ముక్కలనూ ఒకేసారి మార్చుకోవడం వైరసు వల్ల కాలేదు.

మీలో పెద్దవాళ్ళకు 2022 గుర్తుండే ఉంటుంది. జనవరి 3 నుంచి 15 ఏళ్ళు దాటినవారికి హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్ వేశారు. మార్చి 16 నుంచి 12 నుంచి 14 ఏళ్ళ వారికి, హైదరాబాదుదే అయిన కార్బెవాక్స్ వేశారు. కోవాగ్జిన్ చంపిన వైరసు మొత్తం. కార్బెవాక్స్‌లో వైరసు లేదు, ముల్లు కొన ముక్క మాత్రమే ఉంది. కొట్టువాడికి మనిషినంతా చూపడం ఒక పద్ధతి, భుజం ఒక్కటే చూపడం మరో పద్ధతి.

ఉద్దానంలో

అందరి కర్మాగారాలూ ఒకేలా పనిచేయవు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల మీదుగా పరుచుకున్న కొబ్బరి, జీడి తోటల సీమ ఉద్దానం. అక్కడ ఏళ్ళ తరబడి మూత్రపిండాల జబ్బు వేలమందిని పట్టి పీడిస్తోంది. మూత్రపిండాలు వడగట్టలేని మలినాలు రక్తంలో నిలిచిపోతే తెల్లకణాలు కూడా మందగిస్తాయి. అందుకే డయాలిసిస్ చేయించుకునే వారిలో టీకా వేసినా యాంటీబాడీలు తక్కువగా వస్తాయి, వచ్చినవి త్వరగా తగ్గుతాయి. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారి సంగతి మరీ కష్టం. కొత్త మూత్రపిండాన్ని పరాయిదని తరిమేయకుండా ఉండడానికి బి-కణాలను, టి-కణాలను జోకొట్టే మందులు వాళ్ళు రోజూ మింగాలి.

పైగా డయాలిసిస్ రోగి ఇంట్లో తలుపేసుకుని కూర్చోలేడు. లాక్‌డౌన్ ఉన్నా, అల ఎగిసినా, వారానికి రెండు మూడుసార్లు కేంద్రానికి వెళ్ళాల్సిందే. మరో నలుగురు రోగుల మధ్య నాలుగు గంటలు మంచం మీద ఉండాల్సిందే. 2022 జనవరి 10 నుంచి మన దేశంలో మొదలైన ముందు జాగ్రత్త డోసులో ఆరోగ్య సిబ్బందితో పాటు, అరవై దాటి ఇటువంటి దీర్ఘరోగాలు ఉన్నవారికి మొదటి వరుసలో చోటిచ్చారు. బలహీనమైన కర్మాగారానికి అదే నమూనాను మళ్ళీ మళ్ళీ చూపిస్తే, మొదటిసారి పలకనిది మూడోసారి పలికే అవకాశం పెరుగుతుంది. అయినా పలకనివాళ్ళు కొందరు మిగులుతారు. ఆ ఇళ్ళలో బడికి వెళ్ళి వచ్చే పిల్లల ముక్కులో వైరసు ఉందా లేదా అన్నదే వాళ్ళకు తేడా.